కాడి కింద మెడ

రేపల్లెలో వాళ్ళ చర్చిలో క్రిస్మస్ పాక వేసినప్పుడల్లా పశువుల బొమ్మలు గీసే పని రిబ్కా మీద పడేది. అట్టల మీద గొర్రెలు, ఒక ఆవు, ఒక గాడిద. గొర్రెలతో పేచీ లేదు, దూది అంటిస్తే ఏదైనా గొర్రే. గాడిద మాత్రం ప్రతి ఏడూ కుక్కలాగే వచ్చేది. ఒక ఏడు పాస్టరు గారు దాన్ని చూసి, "ఈ కుక్కపిల్ల కూడా బేత్లెహేము వచ్చిందా అమ్మా" అని సంఘం మొత్తాన్నీ నవ్వించారు. అందరితో పాటు రిబ్కా కూడా నవ్వింది గానీ, ఇంటికెళ్ళాక అన్నం ముట్టలేదు.

ఆ పంతమే ఆమెను కంప్యూటర్ దాకా లాక్కెళ్ళింది. ఇంటర్ అయ్యాక బాపట్లలో పెద్దమ్మ ఇంట్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేసింది. అక్కడ టైపు నేర్పారు, గీతలు గీయడం, సున్నాలు చుట్టడం నేర్పారు. జంతువుల మాటెత్తితే మాత్రం మాస్టరు ముందే తయారై ఉన్న సింహం, డేగ, డాల్ఫిన్ బొమ్మలు చూపించి, కావలసింది తీసి పెట్టుకోవడమే అన్నాడు. కృష్ణా డెల్టాలో డాల్ఫిన్‌తో ఎవరికి అవసరం పడుతుందో ఆయన చెప్పలేదు, రిబ్కా అడగలేదు.

తొంభై ఆరులో తెనాలిలో చలపతి గారి డీటీపీ సెంటర్లో పనికి చేరింది. పొద్దున రేపల్లె ప్యాసింజర్లో రావడం, సాయంత్రం అదే బండిలో వెనక్కి వెళ్ళడం. చలపతిది చీరాల వైపు నేతపని చేసే కుటుంబం. మగ్గం వదిలి కంప్యూటర్ పట్టుకున్న మనిషి కాబట్టి దానికి దేవుడి పటానికిచ్చినంత మర్యాద ఇచ్చేవాడు. చెప్పులు బయట విడవాలి. గట్టిగా తుమ్మకూడదు. స్క్రీన్ మీద ఎవరైనా వేలు పెట్టారో, ఎంతటి పెద్దమనిషైనా సరే, "వేలెందుకండీ, నోటితో చెప్పండి" అని గదమాయించేవాడు.

రిబ్కా పని పెళ్ళికార్డులు, ఓణీల కార్డులు, కరపత్రాలు టైపు చెయ్యడం. కాస్త తీరిక దొరికితే ఎద్దును గీసేది. ఎద్దే ఎందుకంటే, అది రోజూ కళ్ళెదుట కనబడేది, తప్పు గీస్తే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. గాడిదతో పోయిన పరువు ఎద్దుతోనే తెచ్చుకోవాలని ఆమె పట్టుదల.

మౌస్‌తో గీయడమంటే పెన్సిల్‌తో గీసినట్టు కాదు. ఒక చుక్క పెట్టి, కాస్త దూరంలో ఇంకో చుక్క పెడితే మధ్యన గీత పడుతుంది. ఆ గీతను పట్టుకుని లాగి వంచుకోవాలి. మొదటి ఎద్దు దూది కుక్కిన దిండులా వచ్చింది. వెనక కాళ్ళు మనిషి మోకాళ్ళలా ముందుకి వంగాయి. తెల్లటి ఎద్దు కదా అని ఒళ్ళంతా తెలుపు పోస్తే ఎద్దే కనబడకుండా పోయింది. తల ప్రాణం తోకకొచ్చింది రిబ్కాకి.

అప్పుడిక స్క్రీన్ వదిలి ఎద్దుల్ని చూడడం మొదలుపెట్టింది. రేపల్లె రైస్ మిల్లుల ముందు ధాన్యం బళ్ళు ఆగుతాయి. రైలుకి కాస్త ముందుగా బయల్దేరి అక్కడ నిలబడేది. "ఏంటమ్మా, బేరమా?" అని బళ్ళవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆమె పట్టించుకోలేదు. తెల్లటి ఎద్దులో తెలుపు తక్కువని అక్కడే తెలిసింది. మూపురం కింద బూడిద రంగు, డొక్కల గుంటల్లో పల్చటి నీలం, మెడ కింద వేలాడే గంగడోలు మడతల్లో మట్టిరంగు. నల్లటి కంట్లో ఒక పక్కగా చిన్న తెల్లచుక్క పడితే గానీ చూపు రాదని కూడా అక్కడే తెలిసింది. ఆ చుక్క స్క్రీన్ మీద పెట్టిన రోజున ఎద్దు నిజంగానే తనవైపు చూసినట్టయి, సంతోషం పట్టలేక చలపతిని పిలిచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగుంది, ముందా ఓణీల కార్డు సంగతి చూడు" అన్నాడు.

ఆ షాపులో ఇంకో పద్ధతి కూడా ఉండేది. చలపతే నేర్పాడు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ వచ్చి కూర్చునే చోట, కింద ఏముందో గీయనక్కర్లేదు. పైది కిందిదాన్ని కప్పేస్తుంది. కనబడని దానికి టైమెందుకు తగలెయ్యాలి అనేవాడు. వినడానికి సబబుగానే ఉండేది, రిబ్కా కూడా అలాగే చేసేది.

రెండో ఏడు మాఘమాసంలో కొల్లూరు నుంచి రామకోటి అనే రైతు వచ్చాడు. కృష్ణ లంక భూముల్లో అరటి, కూరగాయలు వేస్తాడు. ఆ వైపు బండలాగుడు పందేల్లో ఆయన ఎడ్లజతకి పేరుంది. కాడికి కుడిపక్క కట్టే ఎద్దును ఎలపటెద్దు అంటారు, ఎడమపక్క కట్టేదాన్ని దాపటెద్దు అంటారు. ఒకసారి పక్క అలవాటైతే చచ్చేదాకా అదే దాని చోటు. రామకోటి ఎలపటెద్దు మల్లిగాడు, దాపటెద్దు సింగడు. అంతకుముందు వానాకాలం మల్లిగాడు గొంతువాపుతో పోయాడు. ఉగాదికి కొల్లూరులో పందేలు పెడుతున్నారు, వాడి పేరున షీల్డు ఇస్తున్నాను, పోస్టర్ మీద నా జత బొమ్మ ఉండాలి అన్నాడు రామకోటి. అంతవరకు మామూలుగానే చెప్పాడు. ఫోటో మాత్రం కండువాతో తుడిచి గానీ బల్ల మీద పెట్టలేదు.

ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. పందెం గెలిచిన రోజున తీసింది. కాడి కింద సింగడు నిండుగా కనబడుతున్నాడు. మల్లిగాడి ముందు రామకోటి దండ వేసుకుని నిలబడ్డాడు. ఆయన భుజం పైనుంచి ఒక కొమ్ము, ఒక పక్కనుంచి మూపురం అంచు, అంతే.

"ఇందులో రెండోది కనబడట్లేదు సార్" అంది రిబ్కా, రామకోటి వెళ్ళాక. "ఒకసారి ఆయన్ని అడిగి తెలుసుకుంటే?"

"అడిగితే మనకి చేతకాదనుకుంటాడమ్మా. ఎద్దులు గీస్తా గీస్తా అని ఏడాదిగా ప్రాణం తీస్తున్నావు. ఇది కుదిరితే బొమ్మల పని నీదే. లేదంటే బొమ్మల పని విజయవాడ పంపిస్తాను, నువ్వు కార్డులు టైపు చేసుకుందువుగాని." చలపతి మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పాడు కాబట్టే ఆమెకి భయమేసింది.

రిబ్కా సింగణ్ణి గీసింది. ఆదివారం పాటల ప్రాక్టీసు మానేసి, అమ్మ చేత తిట్లు తిని గీసింది. లోపలికి తిరిగిన కొమ్ము కొన, కంటి కింద గోధుమరంగు మచ్చ, మూపురం మీద ఒక్కొక్క వెంట్రుక. గీత గీసినప్పుడల్లా కంప్యూటర్ బొమ్మ మొత్తాన్నీ పైనుంచి కిందిదాకా మళ్ళీ గీసుకుంటూ వచ్చేది. అంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చునేది. మధ్యలో కరెంటు పోతే చేసిందంతా గోవిందా. సింగడు పూర్తయ్యేసరికి ప్రెస్సుకి ఇవ్వాల్సిన శుక్రవారం నెత్తి మీదికొచ్చింది. మల్లిగాడి చోట ఒక కొమ్ము, మూపురం అంచు తప్ప ఏమీ లేదు.

బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేసే మీట ఒకటుంటుంది ఆ ప్రోగ్రాంలో. రిబ్కా సింగడికి నకలు తీసి, ఆ మీట నొక్కి, రెండో పక్కన పెట్టింది. మధ్యన కాడి వేసింది. చిటికెలో జత తయారైంది. తెల్లటి ఎడ్లన్నీ ఒకలాగే ఉంటాయిలే అని సర్దిచెప్పుకుంది. షాపులో అందరూ వచ్చి చూసి మెచ్చుకున్నారు. పక్క జిరాక్స్ షాపాయన అయితే ముక్కు తడి కూడా కనబడుతోందన్నాడు. చలపతి మొహం వెలిగిపోయింది. రిబ్కా నవ్వింది గానీ లోపలెక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

మంగళవారం రామకోటి తన భార్య శేషారత్నాన్ని కూడా తీసుకొచ్చాడు. ఇద్దరూ చెప్పులు బయట విడిచి, గుళ్ళోకొచ్చినట్టు ఒదిగి వచ్చారు. చలపతి కుర్చీలు వేయించాడు. స్క్రీన్ మీద జత నిలబడింది. శేషారత్నం ముందు మురిసిపోయింది. "సింగడు. అచ్చం సింగడేనయ్యా, ఆ మచ్చ చూడు" అంది. తర్వాత ఆమె చూపు రెండో పక్కకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"వీడు కూడా సింగడే" అన్నాడు రామకోటి.

"లేదండి, అది మీ ఎలపటెద్దు" అన్నాడు చలపతి. "కంప్యూటర్లో వేసిందండీ. తప్పెట్లా వస్తుంది?"

"నా ఎద్దు నాకు తెలీదా చలపతి గారూ? అదే మచ్చ. అదే కొమ్ము." రామకోటి గొంతు పెంచలేదు. రిబ్కా వైపు తిరిగాడు. "ఏం చేశావమ్మా?"

అబద్ధం చెప్పడానికి సందు ఉంది. చలపతి కళ్ళతోనే ఆ అబద్ధం చెప్పెయ్యమంటున్నాడు. రిబ్కా వల్ల కాలేదు. "సింగణ్ణే తిప్పి పెట్టానండి. మల్లిగాడు ఎలా ఉంటాడో నాకు తెలీదండి" అంది.

శేషారత్నం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బతికున్నవాణ్ణి తీసుకెళ్ళి చచ్చినవాడి చోట కట్టావా తల్లీ" అంది. "వాడు పోయిన కాడినుంచి వీడు సరిగ్గా మేత ముట్టట్లేదు. వీడికి కూడా ఏమన్నా అయితే నేనేం చెయ్యను?"

రామకోటి ఫోటో తీసి జేబులో పెట్టుకుని లేచాడు. బొమ్మా వద్దు, ఏమీ వద్దు, ఉత్త అక్షరాలు వెయ్యండి చాలన్నాడు. వాళ్ళు మెట్లు దిగిపోయారు. చలపతి రిబ్కాని తిట్టలేదు. పక్కనున్న పెళ్ళికార్డు చిత్తుకాగితం తెచ్చి ఆమె కీబోర్డు మీద పెట్టాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

రిబ్కా ఆ కాగితాన్ని కాసేపు చూసింది. అందులో వధువు పేరు కూడా ఆమెకి కనబడలేదు. ఉన్నట్టుండి లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బస్టాండు వైపు పరుగెత్తింది. మధ్యాహ్నపు తారురోడ్డు పాదాల్ని కాల్చేస్తోంది. కొల్లూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన శేషారత్నం కనబడింది.

"పిన్నిగారూ, మల్లిగాణ్ణి నాకు చెప్పండి. మీరు చెప్తూ ఉంటే గీస్తాను. నన్ను కూడా తీసుకెళ్ళండి."

"చచ్చినవాణ్ణి ఎట్లా చూపించనమ్మా?" అన్నాడు రామకోటి పక్కనుంచి.

శేషారత్నం రిబ్కా చెప్పుల్లేని కాళ్ళ వైపు చూసింది. తర్వాత తన పక్కన సీట్లో కాస్త జరిగింది.

కొల్లూరులో వాళ్ళ కొట్టం పెద్దది, జతకని కట్టింది. ఇప్పుడంతా సింగడిదే. అయినా వాడు ఎడమ పక్కనే గోడకి ఒత్తుకుని నిలబడ్డాడు. కుడిపక్క గుంజ ఖాళీగా ఉంది, తాడు ఒరుసుకుని అరిగిపోయిన గుర్తు దాని మీద అలాగే ఉంది. తొట్టిలో మేత పెట్టింది పెట్టినట్టే ఉంది. రిబ్కాకి ఏడుపొచ్చింది. ఇంత పెద్ద కొట్టంలో వాడు దాటని గీతని తను ఒక్క మీట నొక్కి దాటించేసింది.

కాగితం, పెన్సిల్ తీసుకుని ఆ గుంజ ఎదురుగా కూర్చుంది. శేషారత్నం సింగడి పక్కన నిలబడి, వాడి ఒంటి మీద చెయ్యి పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. మల్లిగాడు వీడికన్నా జానెడు ఎత్తు. మూపురం ఇలా ఒక పక్కకి ఒరిగేది. కొమ్ములు దూరంగా ఉండి పైకి లేచేవి. దూడగా ఉన్నప్పుడు కుక్క కరిచి కుడి చెవి కొన చీలింది. కుడితి తాగేటప్పుడు ముందు ఆమె మొహం చూసి గానీ మూతి పెట్టేవాడు కాదు. "ఇంకా కిందకి. అంత కోపంగా చూడడమ్మా, వాడు మెత్తనోడు" అంటూ ఆమె చెరిపించింది, మళ్ళీ గీయించింది. ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోయి అవతలికి తిరిగేది. రిబ్కా పెన్సిల్ దించి, ఆమె ఇటు తిరిగేదాకా ఊరుకునేది.

రామకోటి మాత్రం కొట్టంలోకి రాలేదు. బయట నులకమంచం మీద వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. కాగితం చూపిస్తానంటే తల అడ్డంగా ఊపాడు. "మీ కంప్యూటర్లోనే చూస్తాలే. శుక్రవారం పొద్దున వస్తాను. అప్పటికి వాడు వాడిలా లేకపోతే నన్ను ఇంక పిలవొద్దు" అన్నాడు.

బుధ, గురువారాల్లో రిబ్కా ఏం తిన్నదో ఆమెకే తెలీదు. కాగితాన్ని స్కాన్ చేసి, దాని మీద చుక్క చుక్కగా మల్లిగాణ్ణి లేపుకొచ్చింది. చెవి పూర్తయ్యాక కంప్యూటర్ ఆగిపోయి చెవి పోయింది, మళ్ళీ గీసింది. "ఇది కుదరకపోతే నేనేం చెయ్యలేనమ్మా" అని చలపతి గడపలో నిలబడి అన్నాడు గానీ, కొత్తగా వచ్చిన కార్డులు తనే కూర్చుని టైపు చేశాడు. చివరికి జత మీద పాత కాడిని తెచ్చి పెట్టేసరికి సాయంత్రం బండికి టైమైంది. కాడి కిందేముందో చూసే తీరిక ఆమెకి లేదు.

శుక్రవారం ప్రెస్సు నుంచి మనిషొచ్చి ఫ్లాపీ కోసం బయట నిలబడి ఉన్నాడు. రామకోటి, శేషారత్నం లోపలికొచ్చారు. రిబ్కా బొమ్మ తెరిచింది. కంప్యూటర్ ఎప్పటిలాగే పైనుంచి కిందికి తాపీగా గీసుకుంటూ వచ్చింది. ముందు దూరంగా లేచిన కొమ్ములు. తర్వాత చీలిన చెవి. తర్వాత కళ్ళు. శేషారత్నం భర్త చెయ్యి పట్టుకుంది. రామకోటి కూర్చోలేదు, రెప్ప వెయ్యలేదు. చాలాసేపు చూశాడు. బయట ప్రెస్సు మనిషి దగ్గు వినబడింది.

"వాడి కాడి తీసెయ్యమ్మా" అన్నాడు చివరికి. "వాడికిక పని లేదుగా."

రిబ్కా కాడిలో మల్లిగాడి వైపు సగం మీద నొక్కి తీసేసింది. తీసేశాక గానీ ఆమెకి గుర్తు రాలేదు. కాడి ఉన్న చోట మల్లిగాడి మెడ లేదు. మూపురానికీ తలకీ మధ్య తెల్లగా, నరికినట్టు, ఖాళీ. శేషారత్నం అమ్మో అంటూ మొహం తిప్పుకుంది.

"అక్కడ మెడేదమ్మా?" అన్నాడు రామకోటి.

రిబ్కా కొట్టంలో అన్నీ అడిగింది, మెడ అడగలేదు. శేషారత్నం కూడా చెప్పలేదు. కాడి కట్టే పని ఆమెది కాదు. "గీయలేదండి. కాడి కప్పేస్తుంది కదా అని వదిలేశాను. మీరు చెప్తే ఇప్పుడే గీస్తానండి" అంది.

"ప్రెస్సు వాళ్ళు ఆగరమ్మా, కాడి పెట్టెయ్" అన్నాడు చలపతి.

"ఆగమనండి" అన్నాడు రామకోటి. మొదటిసారి కుర్చీ దగ్గరికి లాక్కుని రిబ్కా పక్కన కూర్చున్నాడు. కాడి ఎక్కడ ఆనేదో చెప్పాడు. అక్కడ కండ ఎలా ఉబ్బేదో చెప్పాడు. కాడి రాసి రాసి అరచెయ్యంత మేర వెంట్రుక ఊడి, తోలు మందమై, కాయకట్టిన సంగతి చెప్పాడు. కాయ అంచున మళ్ళీ తెల్లటి వెంట్రుక పొట్టిగా మొలిచేదట. ఆయన ఆపకుండా చెప్తూ పోయాడు. మల్లిగాడు పోయాక భర్త అన్ని మాటలు మాట్లాడడం శేషారత్నం అదే చూడడం. రిబ్కా చుక్క పెట్టింది, లాగింది, బూడిదరంగు పరిచింది, పొట్టి వెంట్రుకలు ఒక్కొక్కటే పెట్టింది.

మెడ నిండింది. నున్నటి తెల్లటి ఒంటి మీద ఆ కాయ మోటుగా, మాడినట్టు కనబడింది. పోస్టర్ మీద అందరూ చూసే బొమ్మ కదా అని రిబ్కా మనసు పీకింది. "బాబాయిగారూ, కావాలంటే ఈ కాయ కనబడకుండా చేసేస్తానండి. ఒక్క నిమిషం పని" అంది.

"వద్దమ్మా, ఉంచు" అన్నాడు రామకోటి. "తెల్లారకుండానే కాడి కట్టాలంటే, చీకట్లో దాన్ని తడిమితేనే వాణ్ణి గుర్తుపట్టేవాణ్ణి."

ఆయన చెయ్యి చాచి ఆ కాయ మీద, స్క్రీన్ అద్దం మీద, అరచెయ్యి ఆనించాడు. చలపతి పక్కనే నిలబడి ఉన్నాడు. వేలెందుకండీ అనలేదు.